రాత్రి, అరుంధతి, మసూద, విరూపాక్ష... ఇంతకీ ఏది చూడాలి, ఏది టాప్‌లో పెట్టాలి?

హారర్ పిచ్చోళ్ళు నలుగురు కూర్చున్న చోట "తెలుగులో బెస్ట్ దెయ్యం సినిమా ఏది" అని ఒక్క మాట వదిలి చూడండి, టీ చల్లారేలోపు మూడు పార్టీలు అయిపోతాయి. ఒక పార్టీ రామ్ గోపాల్ వర్మ రాత్రి తర్వాత అసలు ఎవడైనా తీశాడా అంటుంది, రెండోది అరుంధతి పేరు లేకుండా లిస్టు వేసేవాడు తెలుగోడే కాదంటుంది, మూడోది కుర్ర బ్యాచ్, వాళ్ళకి మసూద విరూపాక్ష తప్ప ముందు పుట్టిన సినిమాలు అక్కర్లేదు, పైగా ఆ రెండిట్లో ఏది గొప్ప అని వాళ్ళలో వాళ్ళకే పడదు. మధ్యలో ఎవరో ఒకరు ప్రేమకథా చిత్రమ్ అంటారు, మిగతావాళ్ళంతా కలిసి అతన్ని వేసుకుంటారు.

ఈ గొడవ తెగకపోవడానికి కారణం సింపుల్. ఒకడు భయపెట్టిందా లేదా చూస్తున్నాడు, ఇంకొకడు కథ బావుందా అని, మూడోవాడు హాల్లో విజిల్స్ పడ్డాయా అని. కొలబద్ద వేరైనప్పుడు మార్కులెలా కలుస్తాయి చెప్పండి. నాకైతే ఒకటే టెస్టు ఉంది, దాని పేరు ఫ్లాష్‌బ్యాక్ టెస్టు. మన దెయ్యం సినిమాల్లో సగానికి పైగా ఎలా నడుస్తాయో మీకు తెలుసు కదా, ఫస్టాఫ్‌లో తలుపులు కొట్టుకుంటాయి, కుళాయి దానంతటదే తిరుగుతుంది, ఇంటర్వెల్‌కి హీరోయిన్ గొంతు మారిపోతుంది, సెకండాఫ్‌లో ఎవరో స్వామీజీయో ముసలి వాచ్‌మనో వచ్చి "ఈ ఇంట్లో ఒకప్పుడు..." అని మొదలెడతాడు, పాపం ఒక మంచి అమ్మాయి, ఆమెకి అన్యాయం చేసిన నలుగురు దుర్మార్గులు, ఒక ఏడుపు పాట. అంతే, అక్కడితో దెయ్యం మన పార్టీ అయిపోతుంది, విలన్లని అది ఎప్పుడు చంపుతుందా అని మనమే ఎదురుచూస్తాం. దెయ్యం మీద జాలి పుట్టాక ఇంక భయమెక్కడిది? అందుకని నా లెక్కలో ఫ్లాష్‌బ్యాక్ అయిపోయాక కూడా భయం నిలబడితేనే అది హారర్, లేకపోతే దెయ్యం వేషంలో ఉన్న పగ-ప్రతీకారం సినిమా. అది చెడ్డదని కాదు, కాంచన (2011) అచ్చం అలాంటిదే, శరత్‌కుమార్ చేసిన ట్రాన్స్‌జెండర్ పాత్ర వల్ల ఆ ఫ్లాష్‌బ్యాక్ సినిమా మొత్తానికి ప్రాణం కూడా. కానీ దాన్ని తెచ్చి రాత్రి పక్కన పెట్టి ర్యాంకింగ్ అంటే ఒప్పుకోను.

సరే, వర్మ దగ్గర్నుంచే మొదలెడదాం. రాత్రి 1992లో వచ్చింది, తెలుగు హిందీ రెండు భాషల్లో తీశాడు, రేవతి మెయిన్ రోల్, మంత్రగాడిగా ఓం పురి, మణిశర్మ బ్యాక్‌గ్రౌండ్ స్కోర్‌తో సినిమాల్లో అడుగు పెట్టింది కూడా దీంతోనే. కథ అడిగితే రెండు ముక్కల్లో అయిపోతుంది, కొత్త ఇంట్లోకి ఫ్యామిలీ దిగింది, పిల్లి చచ్చింది, అమ్మాయికి ఏదో పట్టింది, అంతే. కథ ఇంత పల్చగా ఉండటమే దానికి బలం, ఎందుకంటే ఎవరూ మనకి కూర్చోబెట్టి వివరంగా చెప్పరు, కెమెరా ఇంట్లో తిరిగే తీరులోనే ఇది మనిషి చూపు కాదు అని అర్థమవుతూ ఉంటుంది. సినిమా హాల్ సీన్ ఒక్కటి చాలు, జనం మధ్యలో ఉన్న మనిషిని ఒంటరిని చేసి భయపెట్టొచ్చు అని మనవాళ్ళకి చూపించింది. రేవతి మేకప్ మీద కాకుండా కళ్ళతో చేసింది, అది చాలామంది తర్వాతి హీరోయిన్లు పట్టుకోలేకపోయారు.

1996లో అదే వర్మ దెయ్యం అనే సినిమా తీశాడు, జేడీ చక్రవర్తి, మహేశ్వరి, జయసుధ. ఒకప్పుడు శ్మశానం ఉన్న జాగాలో ఇల్లు కట్టుకుంటారు, ఇంక చూస్కోండి. ఈ రెండిట్లో ఏది అంటే ఫ్యాన్స్‌లో చాలామంది రాత్రికే ఓటేస్తారు, నేనూ అంతే, కానీ ఒక మాట చెప్పాలి, దెయ్యం ముగింపు వైపు వెళ్ళేకొద్దీ ఎవర్నీ వదలని ఒక మొండితనం ఉంటుంది, అది రాత్రిలో లేదు. ఈ కాలం పిల్లలకి చూపించాలంటే మాత్రం రెండూ కాస్త నెమ్మది, ఫోన్ పక్కన పెట్టగలిగేవాళ్ళకే. ఓపిక ఉంటే రాత్రి, చీకటి ముగింపు కావాలంటే దెయ్యం.

ఇప్పుడు అసలు మల్లయుద్ధం, అరుంధతి వర్సెస్ చంద్రముఖి. రెండూ పెద్ద కోటలు, రెండిట్లో పాతకాలం పగలు, రెండూ ఊళ్ళకి ఊళ్ళు కదిలొచ్చి చూసిన సినిమాలు. చంద్రముఖి (2005) మూలం మలయాళం మణిచిత్రతాళు (1993), శోభనకి నేషనల్ అవార్డు తెచ్చిన పాత్ర అది. అక్కడ నాట్యకత్తె తమిళావిడ, తమిళంలోకి వచ్చేసరికి ఆమెని తెలుగావిడని చేశారు, అందుకే తమిళ వెర్షన్‌లో కూడా "రారా" పాట తెలుగులోనే ఉంటుంది. ఇది తెలిసిన తర్వాత చంద్రముఖిని డబ్బింగ్ సినిమా అని తీసిపారేసే వాళ్ళని చూస్తే నాకు నవ్వొస్తుంది, దాంట్లో దెయ్యమే మనమ్మాయి!

కానీ హారర్‌గా? చంద్రముఖిలో దెయ్యం ఉందా లేదా అన్నదే పాయింటు, జ్యోతిక పాత్రకున్నది మానసిక సమస్య అని సినిమానే చెప్పేస్తుంది. ఆ పావలా డౌటు ఉంచుకుని చూసే సరదా మణిచిత్రతాళులో ఎక్కువ, చంద్రముఖిలో రజనీ స్టైలు, వడివేలు కామెడీ ఎక్కువ. పెళ్ళికొచ్చిన బంధువులంతా హాల్లో చాపలేసుకుని పడుకుని టీవీ పెడితే మాత్రం దీన్ని మించింది లేదు.

అరుంధతి సంగతి వేరే. 2009 సంక్రాంతికి వచ్చింది, కోడి రామకృష్ణ డైరెక్షన్, శ్యామ్ ప్రసాద్ రెడ్డి ప్రొడక్షన్. నా ఫ్లాష్‌బ్యాక్ టెస్టు పని చెయ్యని ఒకే ఒక్క సినిమా ఇదే, ఎందుకంటే ఇక్కడ ఫ్లాష్‌బ్యాక్‌లోనే అసలు భయం, అసలు కిక్కు రెండూ ఉన్నాయి. పశుపతి అన్యాయమైపోయిన ఆత్మ కాదు, బతికున్నప్పుడే రాక్షసుడు, వాణ్ణి బతికుండగానే సమాధి కట్టేశారు, ఆ సమాధిలోంచి పిలుస్తున్నాడు. జాలి పడే చాన్సే ఇవ్వలేదు. సోనూసూద్ ఒళ్ళు, పి. రవిశంకర్ గొంతు, రెండూ కలిస్తేనే పశుపతి, "వదల బొమ్మాళీ" అని ఇప్పటికీ ఆటోల వెనక, మీమ్స్‌లో, అప్పు వసూలు జోకుల్లో బతికే ఉన్నాడు. ఇంకో పక్క అనుష్క చేసిన జేజమ్మ. దెయ్యానికి భయపడి పారిపోయే హీరోయిన్ కాదు, ఎముకల దాకా ఇచ్చి తిరిగొచ్చే రకం. చిన్న జేజమ్మగా చేసిన దివ్య నగేష్‌ని కూడా మర్చిపోకండి. కర్నూలు వైపు వెళ్తే బనగానపల్లె నవాబు బంగ్లా ఉంటుంది, షూటింగ్ అక్కడ జరిగిన పుణ్యానికి దానికిప్పుడు అరుంధతి బంగ్లా అనే పేరు, నవాబు పేరు చెప్తే ఎవరూ దారి చూపించరేమో. గ్రాఫిక్స్ కొన్ని చోట్ల ఇప్పుడు చూస్తే పాతబడ్డాయి, నిజమే. అయినా చంద్రముఖితో పోటీ అంటే నా ఓటు కళ్ళు మూసుకుని అరుంధతికే, కానీ ఒంటరిగా కూర్చుని ఒణకడానికి కాదు, పెద్ద సౌండ్ పెట్టి నలుగురితో చూడటానికి.

(చంద్రముఖికి సీక్వెల్ నాగవల్లి 2010లో వచ్చింది. ముందుకెళ్దాం.)

అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళకి నేను ముందు చెప్పేది 13బి. 2009లో విక్రమ్ కుమార్ తమిళం హిందీ రెండిట్లో తీశాడు, తర్వాత ఇష్క్, మనం తీసినాయనే. మాధవన్ ఫ్యామిలీ కొత్త ఫ్లాట్‌లోకి దిగుతుంది, లిఫ్టు మిగతా అందరికీ పనిచేస్తుంది కానీ అతను ఒక్కడే ఎక్కితే కదలదు, పాలు రోజూ విరిగిపోతాయి, ఫ్లాట్‌లో అతను ఫోన్‌తో ఫొటో తీసుకుంటే మొహం వంకర పోతుంది. ఇంట్లో ఆడవాళ్ళు మధ్యాహ్నం చూసే టీవీ సీరియల్‌లో ఏం జరిగితే అదే ఇంట్లోనూ జరుగుతుంది. ఐడియా చూడండి, పాడుబడ్డ కోట లేదు, గబ్బిలాల్లేవు, టీవీ సీరియల్‌తో భయపెట్టాడు. మన ఇళ్ళల్లో సీరియల్ అంటే ఎంత పవరో తెలిసినోడే ఈ కథ రాయగలడు. ఫ్లాష్‌బ్యాక్ వస్తుంది, భయం తగ్గుతుంది, కానీ ఇన్వెస్టిగేషన్ పట్టు మాత్రం సడలదు.

దీని పక్కన పెట్టాల్సింది రవిబాబు అవును (2012). ఇల్లొకటే, మనుషులు చాలా తక్కువ, పూర్ణ, హర్షవర్ధన్ రాణే, కనపడని ఒకడు. ఇక్కడ దెయ్యం చంపడానికి రాలేదు, ఆ అమ్మాయిని చూడ్డానికి వచ్చింది, అదే దరిద్రం. ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఎవరో చూస్తున్నట్టు అనిపించడం అనే భయం మగాళ్ళకి సగమే అర్థమవుతుంది, ఆడవాళ్ళతో కలిసి దీని గురించి మాట్లాడితే వాళ్ళు చెప్పేది వేరే సినిమాలా ఉంటుంది. తక్కువ ఖర్చుతో పెద్ద భయం విషయంలో తెలుగులో దీనికి పోటీ తక్కువ. కాకపోతే అత్తామామలతో కూర్చుని చూసే సినిమా కాదు, ముందే చెప్తున్నా, రిమోట్ వెతుక్కోవాల్సి వస్తుంది. 13బి, అవును రెండిట్లో ఒకటే అంటే బుర్రకి పని కావాలంటే 13బి, ఒంటికి జలదరింపు కావాలంటే అవును. అవును రెండో పార్ట్ (2015) చూడకపోతే కొంపేం మునగదు.

ఇంక ఇప్పటి గొడవ. మసూద 2022 నవంబర్, విరూపాక్ష 2023 ఏప్రిల్, ఐదు నెలల తేడాలో రెండూ వచ్చేసరికి హారర్ ఫ్యాన్స్‌కి పండగే.

మసూదలో నాకు ముందు నచ్చింది మనుషులు. సంగీత చేసిన నీలం మొగుడి హింస తట్టుకోలేక కూతురితో విడిగా బతుకుతున్న మనిషి, పక్కింట్లో తిరువీర్ చేసిన గోపి, అసలు ధైర్యం అనేదే లేని కుర్రాడు. దెయ్యం సినిమాలో హీరో నిజంగా భయస్తుడైతే ఎంత తేడా వస్తుందో చూడండి, వాడు తలుపు తియ్యడానికి చెయ్యి వేస్తే మన చెయ్యి వణుకుతుంది. పైగా మన సినిమాల్లో ఎప్పుడూ ఉండే హోమాలు, నిమ్మకాయలు, కాషాయం స్వామీజీలు పక్కన పెట్టి బుర్ఖా, దర్గా, పీర్‌బాబా వైపు కథ తీసుకెళ్ళాడు డైరెక్టర్ సాయికిరణ్, అక్కడ ఏం పనిచేస్తుందో ఏం పనిచెయ్యదో మనకి ముందే తెలీదు కాబట్టి భయం డబుల్. ఫ్లాష్‌బ్యాక్ టెస్టులో పాస్, మసూద అనే ఆ దెయ్యాన్ని చూసి అయ్యో పాపం అనుకునేలా చెయ్యలేదు. కంప్లయింట్ ఒకటే, లెంగ్త్. ఫస్టాఫ్‌లో గోపి లవ్ ట్రాక్ కొంచెం కత్తెరేస్తే ఇంకా గట్టిగా తగిలేది. కొందరైతే ఆ నిదానం వల్లే సెకండాఫ్ పేలింది అని వాదిస్తారు, వాళ్ళ మాటలో కూడా కొంత న్యాయం ఉంది.

విరూపాక్ష పెద్ద సినిమా, సుకుమార్ స్క్రీన్‌ప్లే, కార్తీక్ దండు డైరెక్షన్, అజనీశ్ లోక్‌నాథ్ మ్యూజిక్, యాక్సిడెంట్ తర్వాత సాయి ధరమ్ తేజ్ తిరిగొచ్చిన సినిమా. 1979లో రుద్రవనం అనే ఊళ్ళో చేతబడి చేస్తున్నారని ఒక జంటని జనమే తగలబెడతారు, పుష్కరకాలం గడిచేసరికి ఊరు వల్లకాడు అవ్వాలనే శాపం, 1991 వచ్చేసరికి చావులు మొదలు, ఊరికి అష్టదిగ్బంధనం, లోపలోడు బయటికి పోకూడదు బయటోడు లోపలికి రాకూడదు. తెలివి ఎక్కడుందంటే అందరూ సెకండాఫ్‌లో పెట్టే ఫ్లాష్‌బ్యాక్‌ని వీళ్ళు మొదట్లోనే పెట్టేశారు, దాంతో మిగతా సినిమా అంతా ఎవరు చేస్తున్నారు అనే పరుగు. ఊరి వాతావరణం, ఆ సౌండ్ డిజైన్, ఒక్కో చావు తీసిన పద్ధతి థియేటర్‌లో దిమ్మ తిరిగేలా ఉండేవి. కానీ లవ్ ట్రాక్ అతికించినట్టుంటుంది, క్లైమాక్స్‌లో చెప్పుకోవాల్సిన వివరణ ఎక్కువైపోయి మాటల్లో పడిపోయింది.

నా తీర్పు: సస్పెన్స్‌కి విరూపాక్ష, భయానికి మసూద. రెండోసారి చూడ్డానికి కూర్చుంటే విరూపాక్ష సగం బలం పోతుంది, ఎవరో తెలిసిపోయింది కాబట్టి. మసూద మళ్ళీ చూసినా ఆ ఫ్లాట్ కారిడార్ అంటే గుబులే. అందుకే మసూద ఒక మెట్టు పైన. విరూపాక్ష వంద కోట్ల ముచ్చట ఇక్కడ తేవొద్దు, కలెక్షన్లతో భయం కొలిస్తే ఇంక మాట్లాడుకునేది ఏముంది.

వీటి మధ్యలో దూరాల్సింది మా ఊరి పొలిమేర. 2021లో మొదటిది సైలెంట్‌గా హాట్‌స్టార్‌లో వచ్చింది, జనం నోటి మాటతో పాకింది, 2023లో రెండోది థియేటర్‌కే వచ్చింది. సత్యం రాజేష్‌ని అప్పటిదాకా కామెడీ ఫ్రెండ్‌గా చూసిన కళ్ళకి ఆటోడ్రైవర్ కొమిరిగా చూస్తే షాకే. చేతబడి గురించి ఊళ్ళో అరుగుల మీద చెప్పుకునే భాషలో తీశారు, సెట్టింగుల గోల లేదు. మొదటిది చివరి పది నిమిషాల కోసం చూడాలి, రెండోది మొదటిది చూశాకే చూడాలి, విడిగా చూస్తే బుర్ర తిరిగిపోతుంది.

గృహం (2017) సిద్ధార్థ్‌ది, తమిళ్ హిందీ తెలుగు మూడిట్లోనూ వచ్చింది, మేకింగ్‌లో హాలీవుడ్ వాసన, కొండల మధ్య ఇల్లు, కంజురింగ్ నచ్చినోళ్ళకి ఇది నచ్చుతుంది, మనదైన రుచి మాత్రం వెతకొద్దు. పిండం (2023) కూడా అదే దారి, శ్రీరామ్, ఈశ్వరీరావు బానే చేశారు, మిగతావన్నీ అయిపోయాక చూడండి.

కామెడీ హారర్‌ని వేరే షెల్ఫ్‌లో పెట్టండి, వీటిని ర్యాంకింగ్‌లో కలపడం వల్లే సగం తిట్లు. ప్రేమకథా చిత్రమ్ (2013) నలుగురు చావడానికని గెస్ట్‌హౌస్‌కి వెళ్ళి దెయ్యానికి దొరకడం, సప్తగిరి ఒక్కడి కోసం ఇప్పటికీ యూట్యూబ్‌లో క్లిప్పులు తిరుగుతాయి. అది ఆడేసరికి వరసపెట్టి అదే మూసలో ఎన్నొచ్చాయో, గీతాంజలి (2014), రాజు గారి గది (2015) కొంచెం నయం. నన్నడిగితే ఈ షెల్ఫ్‌లో టాప్ ఆనందో బ్రహ్మ (2017). దెయ్యాలకే మనుషులంటే భయం అని తిప్పి కొట్టాడు, శ్రీనివాస్ రెడ్డి, వెన్నెల కిషోర్, షకలక శంకర్, తాగుబోతు రమేష్ ఒక్కొక్కరికీ ఒక్కో జబ్బు, దెయ్యాలు ఏం చేసినా వీళ్ళు బెదరరు. పిల్లలతో చూడాలంటే ఇదే పెట్టండి. ఇంకా వెనక్కి వెళ్ళే సరదా ఉంటే విఠలాచార్య జగన్మోహిని (1978) ఉంది, పొయ్యిలో కట్టెలకి బదులు కాళ్ళు పెట్టి వంట చేసే దెయ్యం, మా ఇళ్ళల్లో అమ్మమ్మలు ఇప్పటికీ చెప్పే సీన్ అది, ఇప్పుడు చూస్తే నవ్వొస్తుంది కానీ మర్చిపోవడం మాత్రం కుదరదు.

పక్క భాషల వైపు చూస్తే రెండు పేర్లు తప్పనిసరి. హిందీ తుంబాడ్ (2018), వాన, మట్టి, దురాశ, పిండి బొమ్మ ఎరగా వేసి హస్తర్ అనే రాక్షసుడి దగ్గర బంగారు నాణేలు లాక్కోవడం. రిలీజ్‌లో పెద్దగా ఆడలేదు, 2024లో మళ్ళీ వేస్తే మొదటిసారి కన్నా ఎక్కువ వచ్చింది. రెండోది మలయాళం డైరెక్టర్ రాహుల్ సదాశివన్. భ్రమయుగం (2024) అందరూ చెప్తారు, బ్లాక్ అండ్ వైట్‌లో మమ్ముట్టి. నేను మాత్రం ముందు భూతకాలం (2022) చూడమంటా, తల్లీకొడుకులు, అద్దె ఇల్లు, డిప్రెషన్, చాలాసేపటి దాకా అది దెయ్యమో మనసో తెలీదు. ఆ తల్లి ఎవరో తెలుసా, మన రాత్రి రేవతే. ముప్పై ఏళ్ళ తర్వాత మళ్ళీ ఒక ఇంట్లో ఇరుక్కుంది, కేరళ స్టేట్ అవార్డు కూడా కొట్టింది. రెండూ వెంటవెంటనే చూస్తే ఒక మనిషి భయాన్ని రెండు వయసుల్లో ఎలా మోసిందో కనిపిస్తుంది.

ఇప్పుడు తిట్లు తినే పార్ట్. భయమే కొలమానంగా నా వరస ఇది, రాత్రి ఫస్ట్, మసూద సెకండ్, అవును థర్డ్, ఆ తర్వాత 13బి, విరూపాక్ష, పొలిమేర (రెండూ కలిపి ఒకటిగా), దెయ్యం, గృహం. అరుంధతి ఈ వరసలో లేదేంటని కొట్టడానికి రావొద్దు, సినిమాగా అయితే వీటన్నిటి కన్నా పైన పెడతా, కానీ అది భయపెట్టే సినిమా కాదు, భయాన్ని గెలిచే సినిమా, అందుకే వేరే కుర్చీ.

ఎలా చూడాలో కూడా చెప్పేస్తా, ఎందుకంటే దెయ్యం సినిమా సగం సౌండే. ఫోన్ స్పీకర్‌లో రాత్రి సినిమా చూసి "ఏముందిరా ఇందులో" అనేవాళ్ళతో వాదన దండగ. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి, లైట్లు తీసేయండి, ట్రైలర్ చూడకండి, మసూద విరూపాక్షలకి అయితే కామెంట్లు కూడా చదవకండి. బ్యాచ్‌తో అయితే విరూపాక్ష తర్వాత ఆనందో బ్రహ్మ, ఆ వరసలోనే, తిరగేస్తే రెండూ పాడవుతాయి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే అరుంధతి. కొత్తగా ఫ్లాట్‌లోకి మారి ఉంటే 13బి కొన్నాళ్ళు వాయిదా వేసుకోండి, లిఫ్టు ఎప్పుడో ఒకసారి ఆగుతుంది, అనవసరంగా ఓనర్‌కి ఫోన్ చేస్తారు. హాస్టల్లో ఒక్కరే ఉన్న రోజైతే అవును జోలికి పోకండి అబ్బా, పొలిమేర చూస్కోండి, పట్నం హాస్టల్ గదికి అది కాస్త దూరం.